అనిమే అంటే పిల్లల కార్టూన్లేనా?

కాదు, అనిమే ఒక తరహా కథ పేరు కాదు, జపాన్‌లో తయారయ్యే యానిమేషన్ అంతటికీ వాడే పేరు. జపనీయులైతే ఏ దేశపు యానిమేషన్‌నైనా అలాగే పిలుస్తారు, ఆ మాట యానిమేషన్‌కు వాళ్లు చేసుకున్న పొట్టి రూపమే.

చాలా అనిమేలకు మూలం మాంగా, అంటే అక్కడి బొమ్మల కథలు. ఆ కథలు వచ్చే పత్రికలు అబ్బాయిలకు, అమ్మాయిలకు, వయసొచ్చిన పురుషులకు, స్త్రీలకు వేర్వేరుగా వెలువడతాయి. అందుకే వంట, ఆటలు, సంసారం, యుద్ధం ఏదైనా కథావస్తువే.

1988 ఏప్రిల్ 16న జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లీ తీసిన రెండు సినిమాలు జంటగా విడుదలయ్యాయి. 'మై నైబర్ టొటోరో'లో ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఓ వింత అడవి ప్రాణితో స్నేహం చేస్తారు. 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'లో 1945 నాటి బాంబుదాడుల్లో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్లు పస్తులతో కృశించి చనిపోతారు. బొమ్మలే కదా అని పసిపిల్లలను కూర్చోబెట్టి చూపించే సినిమా కాదది.

పెద్ద కళ్లు, తెగని పోరాటాలు, లేదంటే అశ్లీలం, అనిమే అంటే ఇంతే అన్నది సాధారణ అపోహ. అవి లేవని కాదు. బయటి దేశాల్లో పోరాట ధారావాహికలకే ఎక్కువ పేరు రావడంతో ఒక వాటానే మొత్తంగా కనిపిస్తోంది.