ఆ గోడమీది పసిపిల్లలు ఎవరు?

అమ్మాయీ,

నువ్వు పంపిన ఫ్లోరెన్స్ యాత్ర కథనం అందింది. చదివాను. భాష శుభ్రంగా ఉంది, వాక్యాలు తడబడకుండా నడుస్తాయి. కానీ సగం దాటాక వచ్చిన మూడు వాక్యాలు నన్ను స్థిమితంగా కూర్చోనివ్వలేదు. ఈ ఉత్తరం వాటి గురించే.

"తర్వాత ఇంకో చౌరస్తాకి వచ్చాం. అక్కడ పెద్ద వసారా ఉన్న భవనం మీద నీలం పలకల్లో గుడ్డలు చుట్టిన పసిపిల్లల బొమ్మలు ఎంతో ముద్దుగా ఉన్నాయి. ఫొటోలు తీసుకుని జెలాటో తినడానికి వెళ్ళాం."

ఆ పిల్లలు ఎవరని నీకు అనిపించలేదా? ఊరి నడిబొడ్డున, అంత అందమైన వసారా నెత్తిన, పొత్తిళ్ళలో బిడ్డల్ని ఎందుకు పెట్టారని ఒక్కరినైనా అడగలేదా? పెళ్ళికెళ్ళి పందిరి బాగుందని మెచ్చుకుని, పెళ్ళికూతుర్ని చూడకుండా తిరిగొచ్చినట్టుంది.

ఆ చౌరస్తా పేరు పియాజ్జా సాంటిస్సిమా అన్నుంజియాటా. ఆ భవనం ఓస్పెదాలె దెల్యి ఇన్నొచెంతి. కన్నవాళ్ళు పెంచుకోలేక వదిలేసిన పసికందుల కోసం కట్టిన ఇల్లు. ప్రాతో ఊరి వర్తకుడు ఫ్రాంచెస్కో దాతీని 1410లో చనిపోతూ, ఫ్లోరెన్స్‌లో ఇలాంటి ఇల్లొకటి మొదలుపెట్టడానికి 1000 ఫ్లోరిన్లు, అంటే ఆ ఊరి బంగారు నాణేలు, రాసిపెట్టాడు. పట్టు వర్తకుల సంఘం ఆ బాధ్యత నెత్తికెత్తుకుంది. 1419లో పని మొదలైంది. నమూనా ఇచ్చింది ఫిలిప్పో బ్రునెల్లెస్కీ. ఆయన చేతివిద్య మొదట కంసాలిపని. ఆ ఊళ్ళో కంసాలులు కూడా పట్టు వర్తకుల సంఘంలోనే సభ్యులు, కాబట్టి తన సంఘం కట్టే ఇంటికి తానే కొలతలు గీశాడు. రాజుగారి కోట కాదు, బిషప్ నివాసం కాదు. రినైసాన్స్, అంటే ఐరోపా పునరుజ్జీవన కాలపు, వాస్తుకళ తొలి అడుగుల్లో ఒకటి అని చదువుకున్నవాళ్ళంతా చెప్పే ఆ కట్టడం, పాలకి ఏడ్చే అనాథ బిడ్డల కోసం లేచింది. నీ కథనంలో రినైసాన్స్ అన్న మాట పేజీ పేజీకీ వస్తుంది. ఆ మాటకి అసలు ప్రాణం ఉన్న చోట నువ్వు ఐస్‌క్రీమ్ కోసం వెళ్ళిపోయావు.

ఆ ఇల్లు 1445లో తెరిచారు. ఫిబ్రవరి 5న మొదటి బిడ్డ వచ్చింది, ఆడపిల్ల. ఆ రోజు సెయింట్ అగాతా పండగ, కాబట్టి అగాతా అని పేరు పెట్టారు. అగాతా స్మెరాల్దా. ఆ పేరు ఇవాళ్టికీ నిలిచి ఉంది. వసారాకి ఒక చివర, బిడ్డల్ని లోపలికి అందించిన కిటికీ ఉన్న చోట ఒక పలక కనిపిస్తుంది. 1875లో ఆ పద్ధతి ఆపేశారు. అంటే నాలుగు వందల ఏళ్ళకి పైగా తల్లులు చీకట్లో ఆ మెట్లెక్కారు. నువ్వు ఫొటో తీసుకున్న మెట్లు అవే.

లోపల మ్యూజియం ఉంది. అక్కడ చిన్న చిన్న సొరుగులు వరసగా ఉంటాయి. ఒక్కో సొరుగు మీద ఒక పేరు. లాగితే లోపల సగానికి విరిచిన పతకం, ఒక పూస, రిబ్బను ముక్క. బిడ్డని వదిలేటప్పుడు తల్లి కట్టి పంపిన గుర్తులవి. పతకంలో రెండో సగం తన దగ్గరే దాచుకునేది, ఎప్పుడైనా వెనక్కి రాగలిగితే ఈ బిడ్డ నాదేనని చూపడానికి. ఒక సొరుగు దగ్గర నిలబడితే ఆ విరిగిన అంచు స్పష్టంగా కనిపిస్తుంది. నున్నగా కోసింది కాదు, వంచి వంచి విరిచింది. ఆ అంచు గురించి నువ్వు ఒక పేజీ రాసి ఉంటే, మిగతాదంతా చించేసినా నేను ఊరుకునేవాణ్ణి.

ఇదీ నా పట్టు, ఇన్నేళ్ళుగా వదలనిది. ఒక అందమైన చోటికి వెళ్ళినప్పుడు నీ గుండెలో ఏం జరిగిందో పాఠకుడికి అక్కర్లేదు. ఆ చోటు ఎవరి కోసం కట్టారు, డబ్బు ఎవరిచ్చారు, రాయి ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు వాడుకున్నారు, అవి చెప్పు. అనుభూతి వాడికే పుడుతుంది. నీ కథనంలో "మైమరచిపోయాను", "మాటలు రాలేదు", "కళ్ళు చెమర్చాయి" ఎన్నిసార్లు వచ్చాయో చూసుకో. మాటలు రానప్పుడు రచయిత చేసే పని చూడటమే.

చూడకపోతే ఏమవుతుందో నీ రెండో అధ్యాయమే సాక్ష్యం. ఫ్లోరెన్స్ పెద్ద చర్చి డ్యూమో ముందు నిలబడి, ఆ ఆకుపచ్చ, గులాబి, తెల్ల చలువరాళ్ళ ముఖభాగాన్ని చూస్తూ, "ఆరు వందల ఏళ్ళ కిందటి శిల్పుల చేతి వెచ్చదనం తగిలింది" అన్నావు. అమ్మాయీ, ఆ ముఖభాగం 1887లో పూర్తయింది! ఎమీలియో దె ఫాబ్రిస్ నమూనా. పాతది సగంలో ఆగి ఉంటే 1587లో ఊడదీశారు, ఆ తర్వాత దాదాపు మూడు శతాబ్దాలు చర్చి ముందరి గోడ బోసిగానే ఉంది. నీకు వెచ్చదనం కావాలంటే తలెత్తి గుమ్మటం చూడాల్సింది. 1420 నుంచి 1436 దాకా బ్రునెల్లెస్కీ దాన్ని నేల నుంచి కలప ఊతం కట్టకుండా లేపాడు. ఒక పెంకు లోపల ఇంకో పెంకు, ఇటుకలు చేపముల్లు వరసలో అడ్డంగా నిలువుగా పేర్చి, కట్టే వరస కట్టుకుంటూనే తనని తాను మోసుకునేలా. ఒకే మనిషి ఒకే కాలంలో ఒక చేత్తో ఆ గుమ్మటం, ఇంకో చేత్తో ఆ పసిపిల్లల ఇల్లు. ఈ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు. పియాజ్జా దెల్లా సిన్యోరియాలో దావీదు విగ్రహం గురించి రాసిన పేరా కూడా అంతే. నువ్వు పరవశించింది 1910లో నిలబెట్టిన నకలు చూసి. మైకెలాంజిలో చెక్కిన అసలుది 1873లోనే అకాడమీ లోపలికి తీసుకెళ్ళారు.

తప్పులు దిద్దడం నా ఉద్దేశం కాదు. తేదీ తెలియకపోవడం నేరం కాదు. పుట్టని వెచ్చదనాన్ని పుట్టినట్టు రాయడం ఉంది చూశావూ, అది నన్ను బాధపెడుతుంది.

ఇది మీ తరానికి ఎవరు నేర్పారో నాకు తెలుసు. మా అమ్మాయి బొలోన్యాలో చదువుకునే రోజుల్లో నేను ఫ్లోరెన్స్ వెళ్ళి, ఆ వసారా గురించి ఒక వ్యాసం రాశాను. పగలు ఉద్యోగం, సాయంత్రం యూనివర్సిటీ లైబ్రరీలో పాత సంపుటాల్లోంచి చేత్తో నకళ్ళు. ఆ వ్యాసం కొన్ని పత్రికలు తిరగ్గొట్టాయి. ఇటలీ అంటే వెనిస్ పడవలు ఉండాలి కదా అని ఒకాయన రాశాడు. చివరికి ఒక వారపత్రిక వేసింది. చూస్తే దాతీని లేడు, పట్టు వర్తకులు లేరు, 1000 ఫ్లోరిన్లు లేవు. నేను రాయని వాక్యం మాత్రం ఒకటి వచ్చి చేరింది: "ఆ పసిమొహాలు చూసి నా కళ్ళు చెమర్చాయి." నా కళ్ళు చెమర్చలేదు. నాకు కోపం వచ్చింది, బిడ్డల్ని అలా వదులుకోవాల్సి వచ్చిన లోకం మీద. ఫోన్ చేస్తే ఆ సంపాదకుడు, "లెక్కలెవరికి కావాలండీ, పాఠకులకి హృదయం కావాలి" అన్నాడు. ఆ రోజు నుంచీ ఈ మాట ఎక్కడ విన్నా నా ఒళ్ళు మండుతుంది. లెక్కల్లో హృదయం ఉండదని ఎవరు చెప్పారు?

ఒక లెక్క చెబుతాను విను. అదే మ్యూజియంలో దొమేనికో గిర్లాందాయో వేసిన పెద్ద పటం ఉంది, బాల యేసుని దర్శించుకోవడానికి వచ్చిన ముగ్గురు జ్ఞానులది. నువ్వది చూసి ఉంటే మేరీమాత వస్త్రం నీలం గురించి ఆకాశమంత లోతు అని రాసేదానివి. దానికి ఒప్పందపత్రం దొరికింది. 1485లో ఆ ఆశ్రమం పెద్దకీ గిర్లాందాయోకీ కుదిరింది. పటం ముప్ఫై నెలల్లో అందాలి. కూలి 115 ఫ్లోరిన్లు. నీలం రంగు ఔన్సు నాలుగు ఫ్లోరిన్ల ధర పలికే మేలురకానిదే వాడాలి. ఆ మేలురకం నీలం, ఇప్పటి అఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ కొండల్లో తవ్విన రాతిని నూరితే వచ్చేది. అనాథ పిల్లల ఇంటి పూజాపీఠం మీదికి ఊళ్ళో దొరికే చవక నీలం చాలదని వాళ్ళు కాగితం మీద రాయించుకున్నారు. ఆ పటం ముందు వరసలో ఇద్దరు చిన్నపిల్లలు మోకాళ్ళ మీద ఉంటారు, ఒంటి మీద గాయాలతో. బాల యేసుని వెతుకుతూ హేరోదు రాజు చంపించిన పసిబిడ్డల గుర్తుగా. ఆ ఇంట్లో పెరిగే పిల్లలు రోజూ ఆ పటం చూస్తూ ప్రార్థన చేశారు. చెప్పు, ఔన్సు నాలుగు ఫ్లోరిన్లు అన్న లెక్కలో హృదయం లేదా?

ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది. "నాలోకి నేను చేసిన ప్రయాణం" అని. ఊరు పేరు ఫ్లోరెన్స్ అయినా లిస్బన్ అయినా తేడా లేదు, రచయిత తనలోకే వెళుతుంటాడు. అలాంటి పుస్తకాలకి ముందుమాట రాయమని అడిగితే నేను రాయను. నీకు ఆ గాలి ఇంకా పూర్తిగా సోకలేదు. చివరి పేజీ మాత్రం తీసెయ్.

మన తెలుగుని ఇటాలియన్‌తో పోల్చిన ఆ పాత పొగడ్త కూడా తీసెయ్. సభల్లో విని విని విసిగిపోయాను. సంబంధం కావాలంటే నిజమైనది ఉంది. ఆ వసారా స్తంభాలు లేస్తున్న రోజుల్లోనే, 1420 ప్రాంతంలో, నికొలో దె కొంతి అనే వెనిస్ రాజ్యపు వర్తకుడు విజయనగరం చూశాడు. నగరం చుట్టుకొలత అరవై మైళ్ళని చెప్పాడు. ఇటలీకి తిరిగొచ్చాక ఆయన చెప్పిందంతా పోప్ కార్యదర్శి పోజ్జో బ్రాచొలీని లాటిన్‌లో రాసిపెట్టాడు. ఆ పోజ్జోయే తర్వాత ఫ్లోరెన్స్ ప్రభుత్వానికి ఛాన్సలర్ అయ్యాడు. హంపి సంగతులు అలా వాళ్ళ పుస్తకాల్లోకి వెళ్ళాయి. దీని మీద రాయి, చదువుతాను.

ప్రచురణకర్తల గురించీ, ముఖచిత్రం గురించీ అడిగావు. అది తర్వాత చూద్దాం.

ముందు నువ్వు మళ్ళీ వెళ్ళాలి. మిలాన్‌లో ఉన్నావు, రైల్లో రెండు గంటల దూరం. ఆ ఒక్క చౌరస్తాకే వెళ్ళు, ఇంకెక్కడికీ వద్దు. వసారాలో ఒక స్తంభం దగ్గర నిలబడు. బూడిదరంగు ఇసుకరాయి అది, పియెత్రా సెరేనా అంటారు. చేత్తో తాకి చూడు. స్తంభం ఎత్తెంతో, పక్క స్తంభానికి ఎడమెంతో, వెనక గోడకి లోతెంతో, మూడూ ఒకటే కొలత. అంగలేసి చూసుకో. ఆ కొలత వల్లే అంత పెద్ద కట్టడం ముందు మనిషి చిన్నబోడు. తర్వాత పైన పిల్లల్ని ఒక్కొక్కరినీ చూడు. ఆంద్రేయా దెల్లా రొబ్బియా 1487 ప్రాంతంలో చేసిన మట్టి పలకలవి, మెరుగుపూత పూసి కాల్చినవి. అన్నీ ఒకటే అనుకున్నావు. కావు. ఒకడికి గుడ్డపట్టీలు మెడ దాకా బిగించి ఉంటాయి, ఇంకొకడికి వదులై జారుతుంటాయి. తల తిప్పిన తీరు వేరు, చేతులు చాపిన తీరు వేరు.

అప్పుడు వెనక్కి తిరిగి ఎదురుగా ఉన్న వసారా చూడు. అచ్చం ఇలాగే ఉంటుంది. బ్రునెల్లెస్కీదే అనుకుంటావు. కాదు, దాని పని 1516లో మొదలైంది, దాదాపు వందేళ్ళ తర్వాత. ఆంతోనియో ద సాంగాల్లో, బాచ్చో ద్యాన్యోలో అనే ఇద్దరు కట్టారు. తమ ప్రతిభ చూపించుకోవడానికి ఎంతో అవకాశం ఉండి కూడా, ఎదుటివాడి కమానులకి జోడీగా కమానులు కట్టారు. ఇంకో ఎనభై ఏళ్ళు దాటాక ఆ చౌరస్తాలోని చర్చి ముందు వసారా కూడా అదే వరసలో వచ్చింది. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు రెండు శతాబ్దాల్లో ఒక చౌరస్తాని పూర్తిచేశారు, మొదటివాడి మాట మన్నిస్తూ. ప్రపంచంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అది. మొదటి పేజీ దగ్గర కూర్చున్నప్పుడల్లా నాకు ఆ రెండో వసారా కట్టినవాళ్ళే గుర్తొస్తారు.

వీలైతే సెప్టెంబరు 7 సాయంత్రానికి వెళ్ళు. ఆ రోజు రిఫికొలోనా పండగ. పిల్లలు కర్రలకి కాగితపు లాంతర్లు కట్టుకుని ఊరంతా తిరిగి ఆ చౌరస్తాలోకే చేరతారు. ఇంకొంతమంది పిల్లలు గొట్టాల్లోంచి ఉండలు ఊది ఆ లాంతర్లని పడగొట్టాలని చూస్తారు. గోల గోలగా ఉంటుంది. మెట్ల మీద కూర్చుని నోట్‌బుక్ తెరువు.

రాశాక ప్రింటు తీయించి పోస్టులో పంపు, అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉండాలి. ఫోన్‌లో నేను చదవలేను. ఫొటోలు జత చెయ్యకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు