నెట్ పోతే ఆగేది మ్యాప్, జీపీఎస్ ఆగదు

ప్రశ్న: ఫోన్‌లో ఇంటర్నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేస్తుందా? అంత ఎత్తున తిరిగే ఉపగ్రహం మన ఫోన్‌ని ఎలా గుర్తుపడుతుంది?

పనిచేస్తుంది. సిమ్ తీసేసినా పనిచేస్తుంది, ఇప్పటి ఫోన్లలో అయితే ఫ్లైట్ మోడ్‌లో కూడా పనిచేస్తుంది. ఇక రెండోదానికి జవాబు: ఉపగ్రహం మన ఫోన్‌ని గుర్తుపట్టదు. కింద మనం ఉన్నామన్న సంగతే దానికి తెలియదు. రేడియో స్టేషన్‌కి తన ప్రసారం ఎవరెవరు వింటున్నారో తెలుస్తుందా? ఇదీ అంతే. అది చెప్పుకుంటూ పోతుంది, మన ఫోన్ విని లెక్క కట్టుకుంటుంది.

నేను సర్వే పనిలో ఉన్నాను. రోజూ జీపీఎస్ రిసీవర్ పట్టుకుని కొండలూ గుట్టలూ తిరిగే ఉద్యోగం. ఈ చిన్న విషయం తెలియకపోవడం వల్లే, చేతిలో మంచి ఫోన్ పెట్టుకుని కూడా చాలామంది దారి తప్పుతున్నారని నా గట్టి నమ్మకం.

ఒకసారి కొండ మీద కాలువ తవ్వాల్సిన దారి చూసి తిరిగి వస్తున్నాం. ఉన్నట్టుండి పొగమంచు కమ్మేసింది. పది గజాల అవతల ఏముందో తెలియట్లేదు. రిసీవర్లు మాకంటే ముందు దిగిపోయిన వాళ్ల దగ్గర ఉన్నాయి. నాతో ఉన్న కుర్రాడు కొత్తగా చేరినవాడు. ఫోన్ తీసి చూసి, "సార్, సిగ్నల్ పోయింది, మ్యాప్ రావట్లేదు. ఇంక జీపీఎస్ కూడా ఉండదు" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

అప్పుడు మేం దట్టమైన చెట్ల కింద ఉన్నాం. పక్కనే ఉన్న బండ మీదికి ఎక్కించి, ఫోన్‌ని ఆకాశం కేసి పెట్టి కదలకుండా నిలబడమన్నాను. కాసేపటికి తెర మీద నీలం చుక్క వచ్చింది. దాని చుట్టూ రోడ్డు లేదు, ఊరు లేదు, అంతా తెల్లగా ఖాళీ. "చుక్క వచ్చింది కానీ ఏం లాభం సార్" అన్నాడు. మ్యాప్ మూసేసి దిక్సూచి యాప్ తెరవమన్నాను. అడుగున అక్షాంశం, రేఖాంశం అంకెలు కనిపించాయి. పొద్దున జీపు ఆపిన చోటి అంకెలు నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను, అది ఎప్పుడూ మానను. రెండు చోట్ల అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే, జీపు దగ్గరి అక్షాంశం, రేఖాంశం పెద్దవి కాబట్టి అది మాకు ఉత్తరాన, కాస్త తూర్పుగా ఉందని తేలిపోయింది. ఇక నడక మొదలుపెట్టాం. అక్షాంశంలో దశాంశ బిందువు తర్వాత నాలుగో అంకె ఒకటి మారాలంటే దాదాపు 11 మీటర్లు నడవాలి. ఆ అంకె ఒక్కొక్కటే పెరుగుతుంటే కుర్రాడు పైకి చదువుతూ వచ్చాడు. వాగు అడ్డొచ్చిన చోట పక్కకి తిరిగాం, అంకెలు పక్కకి జరిగాయి, మళ్లీ దారిలోకి తెచ్చుకున్నాం. జీపు బానెట్ మంచులోంచి కనబడేసరికి నోట్‌బుక్‌లోని అంకెలకీ ఫోన్‌లోని అంకెలకీ తేడా ఐదో స్థానంలోనే మిగిలింది.

బండ ఎక్కించింది ఎందుకంటారా? ఏ ఉపగ్రహం ఆ క్షణంలో ఎక్కడుందో తెలియకపోతే లెక్క కుదరదు. నెట్ ఉంటే ఆ వివరం ఫోన్‌కి చప్పున దిగుతుంది. నెట్ లేకపోతే ఉపగ్రహమే చెప్పాలి. అది చెప్పేది సెకనుకి 50 బిట్లు మాత్రమే. దాని కక్ష్య వివరాలు మొత్తం ఒకసారి వచ్చి, మళ్లీ మొదటికి రావడానికి 30 సెకన్లు పడుతుంది. మధ్యలో కొమ్మ అడ్డొచ్చి మాట తెగిపోతే తర్వాతి వంతు దాకా ఆగాలి. జనం పది సెకన్లు చూసి "రావట్లేదు" అని జేబులో పెట్టేస్తారు. ఆ తొందరే కొంప ముంచుతుంది.

అసలు ఇదంతా గడియారాల వ్యవహారం. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ఒక్కోదానిలో అణు గడియారాలు ఉంటాయి. "ఇప్పుడు నా టైమ్ ఇంత" అని అది పంపిన కబురు ఎంత ఆలస్యంగా అందిందో దాన్నిబట్టి దూరం తెలుస్తుంది. మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే 300 మీటర్లు తప్పుతాం. ఫోన్‌లో ఉన్నది మామూలు చవక గడియారం కాబట్టి, స్థానంతో పాటు దాని తప్పు కూడా లెక్కలోనే తేల్చాలి. అందుకే కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. పైనున్న గడియారం కింద వాటికన్నా రోజుకి సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. ఇది ఐన్‌స్టీన్ సాపేక్షత సిద్ధాంతం లెక్క. దాన్ని సరిచేయకుండా వదిలేస్తే రోజుకి 10 కిలోమీటర్ల పైచిలుకు తప్పు పేరుకుపోయేది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మ్యాప్ చేసిన తప్పుని జీపీఎస్ నెత్తిన రుద్దడం చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. "జీపీఎస్ నమ్మి వెళ్తే రోడ్డే లేదు" అంటారు. మీరు ఎక్కడున్నారో అది సరిగ్గానే చెప్పింది. అక్కడ రోడ్డు ఉందని గీసింది మ్యాప్ తయారుచేసినవాళ్లు. టీవీల్లోనూ అంతే, "శాటిలైట్ ద్వారా ఫోన్‌ను ట్రాక్ చేశారు" అని తేలిగ్గా అనేస్తారు. బండికి పెట్టే ట్రాకర్ అయినా, అడవి జంతువు మెడకి కట్టే పట్టీ అయినా తన చోటు తాను కనుక్కుని, ఆ కబురు బయటికి పంపడానికి వేరే ట్రాన్స్‌మిటర్ వాడుతుంది. జీపీఎస్ చిప్ వినడమే తప్ప ఒక్క మాట బయటికి పంపదు.

జీపీఎస్ అమెరికాది. రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ, మన నావిక్ కూడా ఉన్నాయి. చాలా ఫోన్లు వీటిలో రెండు మూడింటిని కలిపి వింటాయి. 2000 మే దాకా అమెరికా పౌరుల సిగ్నల్‌ని కావాలనే చెడగొట్టి ఇచ్చేది, 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ అడ్డు తీసేశారు కాబట్టే ఇప్పుడు ఆకాశం బాగా కనబడే చోట మామూలు ఫోన్ కూడా 5 మీటర్ల అటూ ఇటూగా చెప్పగలుగుతోంది. మా పనిలో స్థానం ముందే కచ్చితంగా తెలిసిన పాయింట్ మీద ఒక రిసీవర్ నిలబెట్టి, దాని సాయంతో రెండోదాన్ని తిప్పితే సెంటీమీటర్లలోకి వచ్చేస్తుంది. సెల్ టవర్లు, కరెంటు గ్రిడ్లు చాలాచోట్ల టైమ్ కోసం కూడా ఈ ఉపగ్రహాల మీదే ఆధారపడతాయి. దారి చూపించడం దీని పనుల్లో ఒకటి, అంతే.

నా బాధల్లా యాప్‌లతోనే. ఆ అంకెల్ని ఎక్కడో నాలుగు మెనూల లోపల దాచేస్తారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనికొచ్చేవి అవే. కాబట్టి మీ ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు ఎక్కడ కనిపిస్తాయో ఇవాళే వెతికి పెట్టుకోండి. వెళ్లే చోటి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. బండి దిగిన చోటి అంకెలు కాగితం మీద రాసుకోండి. ఎవరినైనా సాయం పిలవాల్సి వస్తే లొకేషన్ లింక్ పంపకండి, అంకెల్నే మెసేజ్‌లో టైప్ చేసి పంపండి. డేటా రాని చోట కూడా ఒక్కోసారి ఎస్సెమ్మెస్ వెళ్తుంది. దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలు చాలు. ఆ తర్వాత ఫోన్ ఎన్ని చూపించినా పట్టించుకోనక్కర్లేదు.