ఏ నరం?

సందేహం: మా అబ్బాయికి జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేరిస్తే, సెలైన్ పెట్టబోయిన నర్సమ్మ "నరం దొరకట్లేదు" అంది. అక్కడే ఓ పత్రికలో "దోమల వల్ల వచ్చే మెదడువాపులో నరాలు ఎంత దెబ్బతిన్నాయో రక్తంలోని జీవసూచికలు చెబుతాయి" అని చదివాను. రెండూ ఒకే నరమా? 'నాడి' అనాలా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: ఒకటి కాదమ్మా. నర్సమ్మ వెతికింది సిర, రక్తం నడిచే గొట్టం. పత్రికవారు చెప్పింది మెదడు కబుర్లు మోసే తీగ. అలాగని నర్సమ్మ మాట తప్పు కాదు. ఒంట్లో తాడులా, తీగలా ఉన్నదల్లా మనకు నరమే. ఊడ్పులకు వెళ్లొచ్చి "నరం పట్టేసింది" అంటే అది కండ. పిక్క మీద ఉబ్బిన నరం సిర. "నరాల బలహీనత" అన్నప్పుడు పత్రికవారి నరం. తమిళుల 'నరంబు'దీ ఇదే కథ. అంతెందుకు, న్యూరాలజీకి మూలమైన గ్రీకు 'న్యూరాన్'కు కూడా మొదట్లో స్నాయువు (కండను ఎముకకు కట్టే తాడు), వింటినారి అనే అర్థాలే.

పాఠ్యపుస్తకాలు పత్రికవారి నరాన్ని 'నాడి' అన్నాయి. కానీ కోనసీమ పెద్దలకు నాడి అంటే వైద్యుడు మణికట్టు పట్టుకుని చూసేది. "నాడి దెబ్బతింది" అంటే ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు. విడిగా వాడకుండా 'నాడీకణం', 'నాడీవ్యవస్థ' అంటే చిక్కు లేదు.

ఆ వాక్యంలో రక్తం కూడా ఉంది కాబట్టే మీకు తికమక. నాడీకణానికి పొడవాటి తోక ఉంటుంది. దానికి లోపల వాసాల్లా ఊతమిచ్చే ప్రోటీన్ పోగుల్లో ఒకటి న్యూరోఫిలమెంట్ లైట్ చైన్. తోక దెబ్బతింటే అది మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే నీటిలోకి, అక్కణ్ణుంచి రవ్వంత రక్తంలోకి చేరుతుంది. మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో లెక్క, అంటే గ్రాములో లక్షకోట్లో వంతు!

ఒంట్లో జరిగిన మార్పును ఇలా పట్టిచ్చే పదార్థమే జీవసూచిక. 'జీవసూచిక' మంచి మాటే. తలకు దెబ్బ తగిలినా, పక్షవాతం వచ్చినా ఈ ప్రోటీన్ పెరుగుతుంది, వయసుతోనూ పెరుగుతుంది. నష్టాన్ని సూచిస్తుందే తప్ప ఏ వైరస్సో చెప్పదు. వరిచేల నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమలు పందుల నుంచి, కొంగల నుంచి మనకు అంటించే జపనీస్ మెదడువాపును తేల్చడానికి వెన్నునీటిలో ఐజిఎం యాంటీబాడీలు (ఆ వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్లు) ఉన్నాయేమో చూస్తారు. కాబట్టి నాకు అభ్యంతరం 'చెబుతాయి' మీదే. నేనైతే "నాడీకణాలు ఎంత దెబ్బతిన్నాయో రక్తంలోని జీవసూచికలు సూచనగా తెలుపుతాయి" అని రాస్తాను. నర్సమ్మను మాత్రం 'సిర' అనమని అడగకండి.