కంప్యూటర్ ఆన్ కాకపోతే ఫైళ్లు పోయినట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారు తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర పాటలనూ, అందులో భక్తులు వేసే వేషాల వివరాలనూ పెద్దలను అడిగి రాసుకుని, పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో టైపు చేసి డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో దాచారు. ఆయన ఇప్పుడు లేరు. పోయిన వారం ఉరుముల వానలో కరెంటు పోయి వచ్చాక, ఫ్యాను తిరుగుతోంది గానీ నల్లటి తెర మీద ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అని వచ్చి ఆగిపోతోంది. ఫార్మాట్ చేసి విండోస్ వేస్తే సరిపోతుందని షాపులో అంటున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: దయచేసి ఇప్పుడే చేయించకండి. ఫార్మాట్ చేస్తే కంప్యూటర్ బాగుపడవచ్చు గానీ, మీకు కావలసింది కంప్యూటర్ కాదు, నాన్నగారి రాత. డెస్క్‌టాప్ మీదా, డాక్యుమెంట్స్‌లోనూ కనిపించే ఫైళ్లు మామూలుగా విండోస్ ఉండే సి డ్రైవ్‌లోనే ఉంటాయి కాబట్టి, అక్కడ కొత్త విండోస్ రాసిన చోట పాత ఫైళ్లు శాశ్వతంగా చెరిగిపోతాయి. ఫైళ్లు బయటికి వచ్చేదాకా ఆ డిస్కు మీద కొత్తగా ఏదీ రాయనివ్వకూడదు.

మీరు చూసిన వాక్యానికి అర్థం ఫైళ్లు పోయాయని కాదు. విండోస్‌ను మొదలుపెట్టగల డిస్కు కంప్యూటర్‌కు దొరకలేదని మాత్రమే. ముందుగా ప్లగ్గు తీసేసి, పక్క మూత విప్పించి, హార్డ్ డిస్కు నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే సన్నని సాటా కేబులునూ, కరెంటు తీగనూ ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టించండి. కొన్నిసార్లు ఇంతటితోనే పని జరుగుతుంది. తరువాత ఆన్ చేస్తూనే కీబోర్డు మీది డిలీట్ (Del) లేదా ఎఫ్2 మీట నొక్కి, విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల తెర అయిన బయోస్‌లోకి వెళితే, అక్కడ డిస్కు పేరు కనిపిస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. కనిపిస్తే విండోస్ మొదలయ్యే భాగం మాత్రమే చెడి, ఫైళ్లు క్షేమంగా ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ఈ పని చేసేటప్పుడు డిస్కు దగ్గర చెవి పెట్టి వినండి. టక్ టక్‌మని ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టు వినిపిస్తే వెంటనే ఆపేయండి. డిస్కు లోపల తిరిగే పళ్లెం మీది సమాచారాన్ని చదివే ముల్లు దెబ్బతిని ఉండవచ్చు. ఆన్ చేసిన ప్రతిసారీ అది పళ్లేన్ని మరింత గీకే ప్రమాదముంది. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు. డిస్కును దుమ్ము చొరని గదిలో మాత్రమే విప్పే డేటా రికవరీ నిపుణులకు, అవసరమైతే చెన్నైకో బెంగళూరుకో పంపి, చూపించాలి. ఖర్చు ఎక్కువే అయినా, మరో ప్రతి లేని రాత కోసం ఆ ఖర్చు పెట్టవచ్చుననే నా అభిప్రాయం.

శబ్దమేమీ లేకుండా బయోస్‌లో డిస్కు కనిపిస్తే రెండు దారులున్నాయి. ఒకటి, వేరే కంప్యూటర్‌లో 8 జీబీ పెన్ డ్రైవ్ మీద, విండోస్ లాంటిదే అయిన ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి (అందులో అంతకుముందున్నవన్నీ చెరిగిపోతాయి, చూసుకోండి), దానితో మీ కంప్యూటర్‌ను మొదలుపెట్టి, ‘ఇన్‌స్టాల్’ జోలికి పోకుండా ‘ట్రై ఉబుంటు’ ఎంచుకోవడం. అప్పుడు మీ డిస్కు ఒక ఫోల్డరులా తెరుచుకుంటుంది. ఫైళ్లను మరో ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు. రెండోది, డిస్కును ఊడదీసి సాటా–యూఎస్‌బీ కేబులుతో మరో కంప్యూటర్‌కు తగిలించడం. డెస్క్‌టాప్‌లో ఉండే 3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులే. అందువల్ల వేరే అడాప్టరు ఉన్న కేబులునే అడిగి తీసుకోండి. అలా తగిలించాక ‘ఫార్మాట్ చేయాలా’ అని విండోస్ అడిగితే వద్దనండి.

మీ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ‘అను’ ఫాంట్లు, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించేలా చేసే యూనికోడ్ పద్ధతివి కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో నాన్నగారి పాటలు తెలుగుగా కాక, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనిపిస్తాయి. ఫైలు చెడిపోయిందనుకుని తీసేయకండి. సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డరులో ‘ఫాంట్స్’ అనే ఫోల్డరు ఉంటుంది, దాన్ని కూడా కాపీ చేయించండి. పేజ్‌మేకర్ ఉన్న డీటీపీ సెంటరులో ఆ ఫాంట్లు వేయించి, బైరాగి వేషం ఫైలు ఒకటీ, మాతంగి వేషం ఫైలు ఒకటీ తెరిపించి, చివరి పేజీ దాకా చదివి చూసుకోండి. ఆ తరువాతే పాత డిస్కును షాపువారి చేతికి ఇవ్వండి.