పేట పుట్టిన ఏడాది ఏది?

ప్రశ్న: మేముంటున్న పాత పేటకు పెద్ద ఎత్తున వార్షికోత్సవం జరపాలని నివాసుల సంఘం నిర్ణయించింది. అయితే తొలి ఇళ్లు వెలసిన ఏడాదిని లెక్కలోకి తీసుకోవాలని పెద్దలు, పురపాలక పత్రాల్లోకి పేరెక్కిన ఏడాదినే తీసుకోవాలని కార్యవర్గం పట్టుబడుతున్నారు. ఏది సరైనది? ఉత్సవాన్ని ఎలా జరిపితే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండు పక్షాల మాటా నిజమే కావచ్చు. ఒక వాడకు పుట్టుకలు ఒకటికి మించి ఉంటాయి. జర్మనీలోని ఆగ్స్‌బుర్గ్ నగరంలో యాకోబ్ ఫుగ్గర్ పేదల కోసం కట్టించిన ఫుగ్గరై వాడ పనులు 1516లోనే మొదలైనా, స్థాపన పత్రం రాసిన 1521నే ఆరంభంగా ఎంచి, 2021లో అయిదు వందల ఏళ్ల వేడుకలకు శ్రీకారం చుట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోనేమో కాలువల వలయం తవ్వకం మొదలైన 1613ను ప్రమాణంగా తీసుకుని 2013లో నాలుగు వందల ఏళ్ల పండుగ చేసుకున్నారు. పోలండ్ రాజధాని వార్సాలోని పాతనగరం సంగతి ఇంకా చిక్కైనది. 1944లో నేలమట్టమైన ఆ వాడను, 18వ శతాబ్దంలో బెర్నార్డో బెలొట్టో చిత్రించిన దృశ్యాలను కూడా ఆధారం చేసుకుని యుద్ధానంతరం మళ్లీ నిర్మించారు. అక్కడ గోడల వయసు వేరు, వాడ వయసు వేరు.

కాబట్టి సర్వే పటాలు, ఇంటి పన్ను పుస్తకాలు, పాత దస్తావేజులు వెదికి, రాతపూర్వకమైన ఆధారం దొరికిన ఏడాదిని ఎంచుకోండి. అది దేనికి గుర్తో, అంటే తొలి ఇంటికా, పేరుకా, ప్రణాళికకా అన్నది ఆహ్వానపత్రంలోనే స్పష్టంగా రాయండి. పెద్దలు చెప్పే ఏడాదిని కూడా వారి జ్ఞాపకంగా పేర్కొంటే ఎవరినీ కాదన్నట్టు ఉండదు.

నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది మరొకటుంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 1867లో ఆరో జిల్లాగా పేరు పొందిన వాడ ఒకటి ఉండేది. 1966 ఫిబ్రవరి 11న జాతివివక్ష ప్రభుత్వం దానిని తెల్లవారికి మాత్రమే చెందిన ప్రాంతంగా ప్రకటించి, ఆ తర్వాతి ఏళ్లలో అరవై వేలమందికి పైగా నివాసులను వెళ్లగొట్టి, ఇళ్లను కూల్చివేసింది. ఆ వాడవారు ఏటా స్మరించుకునేది పుట్టిన రోజును కాదు, ఆ ఫిబ్రవరి 11నే. 1994లో వెలసిన అక్కడి మ్యూజియంలో నేలంతా పరిచిన పెద్ద వీధిపటం ఉంది. వెళ్లిపోయినవారు తిరిగి వచ్చి, తమ ఇల్లు ఉండిన చోటు వెదికి, దాని మీద తమ చేతులతో పేర్లు రాశారు. ఆ వాడ గురించి చదివినప్పుడల్లా నాకు ముందుగా మనసులో మెదిలేది ఆ పటమే.

వేదికకూ దీపాలకూ పెట్టే ఖర్చు కొంత తగ్గించి, మీరూ అలాంటి పటం ఒకటి గీయించండి. ఊరు విడిచినవారిని, అద్దె కట్టలేక దూరమైనవారిని పేరుపేరునా పిలిపించండి. నిన్నమొన్న వచ్చి చేరినవారికీ దాని మీద చోటివ్వండి. ఎవరైనా పాత ఫొటోలు తెస్తే వాటిని మీ దగ్గరే ఉంచేసుకోవద్దు; అక్కడికక్కడే స్కాన్ చేసి, ఎవరిదో, ఏ వీధిదో, ఏ ఏడాదిదో వెంటనే రాసుకుని తిరిగి ఇచ్చేయండి. ఉత్సవం ముగిశాక పటాన్ని చుట్టి మూలన పెట్టకుండా, అందరూ వచ్చిపోయే గ్రంథాలయంలోనో పాఠశాలలోనో గోడకు బిగించండి. ఉత్సవానికి రాలేకపోయినవారు తర్వాతైనా వచ్చి తమ పేరు రాసుకోగలుగుతారు.