ఆడవాళ్లకి రోజుకి ఎన్ని కేలరీలు కావాలి? లెక్క ఇలా వేసుకోండి

కొత్త దేశానికి వచ్చిన ఏడాదికే ఒళ్లు వచ్చేసిందని కంగారుపడేవాళ్లు చాలామంది ప్యాకెట్ మీద కనిపించే 2000 కేలరీలే తమకీ వర్తిస్తాయనుకుంటారు. అది లేబుళ్లు పోల్చుకోవడానికి పెట్టిన అంకె. మీ వయసూ ఎత్తూ చూసి వేసింది కాదు.

మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రం వాడండి. కిలోల్లో బరువుని 10తో, సెంటీమీటర్లలో ఎత్తుని 6.25తో హెచ్చించి రెండూ కలపండి. అందులోంచి వయసుకి అయిదు రెట్లు, ఆపైన 161 తీసేయండి. బరువు పౌండ్లలో ఉంటే 2.2తో భాగించాలి, ఎత్తు అంగుళాల్లో ఉంటే 2.54తో హెచ్చించాలి. 32 ఏళ్లు, 158 సెంటీమీటర్లు, 60 కిలోలైతే సుమారు 1266 వస్తుంది. రోజంతా కదలకుండా పడుకున్నా ఒంటికి అంత కావాలి.

దాన్ని కూర్చుని చేసే పనైతే 1.2తో, వారానికి ఒకటి నుంచి మూడు రోజులు తేలికపాటి వ్యాయామం ఉంటే 1.375తో, మూడు నుంచి అయిదు రోజులు ఓ మాదిరి వ్యాయామం ఉంటే 1.55తో హెచ్చించాలి. చాలామంది తప్పేది ఇక్కడే. వెనకటి ఊళ్లో ఎంత తిరిగేవారో కాదు, ఇప్పుడు ఎంత తిరుగుతున్నారో చూడండి. ఇంటి గుమ్మం నుంచి కారు, కారు నుంచి కుర్చీ అయితే అది 1.2 మాత్రమే, అంటే పై ఉదాహరణలో 1520. ఆశకొద్దీ 1.55 వేసుకుంటే 1960 దాటుతుంది, రోజుకి 440 ఎక్కువ. వ్యాయామం ఈ అంకెలోనే కలిసి ఉంది కాబట్టి, వాచీ చూపించే కేలరీలని మళ్లీ కలపకండి.

లేబుల్ మీద కిలోజౌళ్లు ఉంటే 4.2తో భాగించండి. వంటనూనె చేతివాటంగా పోయకుండా కొలిచి పోయండి. 15 మిల్లీలీటర్లకే దాదాపు 120 కేలరీలు.

సూత్రం ఎంత మంచిదైనా మనిషిని బట్టి నూటికి పది అటూ ఇటూ అవుతుంది. అందుకే నాలుగు వారాలు తిన్నది రాసుకుంటూ, పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోండి. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి కిలో పెరిగినట్టు కనిపించవచ్చు, కాబట్టి ఈ నెలసరి అయిదో రోజుని పోయిన నెలసరి అయిదో రోజుతోనే పోల్చండి. నెలకి అరకిలో పెరిగితే రోజుకి సుమారు 140 ఎక్కువ తింటున్నట్టు.

తగ్గాలనుకుంటే 300 నుంచి 500 తగ్గిస్తే చాలు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా 1200 కిందికి దిగకండి. గర్భిణులకి నాలుగో నెల నుంచి సుమారు 340, ఏడో నెల నుంచి 450 అదనంగా కావాలి. అప్పుడు కోత పెట్టొద్దు. తిండి తగ్గించాక నెలసరి తప్పితే లెక్క పక్కనపెట్టి ముందు డాక్టరుకి చూపించుకోండి.