గేటుకి సొంతంగా చేసి పెట్టిన ఐఆర్ బీమ్ (ఎవరైనా అడ్డొస్తే పసిగట్టే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణం) రెండు మీటర్లు దాటడం లేదు. రేంజ్ పెంచడం ఎలా?

ఊరికే కరెంటు పెంచకండి. దూరం రెట్టింపైతే అందే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, ఈలోపు ఎల్ఈడీ మాడిపోతుంది.

వెలుగుని పసిగట్టడానికి మామూలు ఫోటోడయోడ్ ఉంటే తీసేసి 38 కిలోహెర్ట్జ్ రిసీవర్ పెట్టండి, ఎల్ఈడీని కూడా అదే ఫ్రీక్వెన్సీలో, అంటే సెకనుకు 38 వేల సార్లు వెలిగి ఆరేలా నడపండి. ఎండ, ట్యూబ్‌లైట్ల గొడవ చాలావరకు తగ్గుతుంది. ఇక్కడే ఒక తిరకాసు ఉంది: టీఎస్ఓపీ4838 లాంటి రిమోట్ రిసీవర్లు ఆగకుండా వచ్చే సిగ్నల్‌ని నాయిస్ అనుకుని గెయిన్ (సిగ్నల్‌ని పెంచి చూసే స్థాయి) తగ్గించేస్తాయి. బీమ్ బాగానే ఉన్నా తెగినట్టు చూపిస్తాయి. ఇలా దారికి అడ్డంగా పెట్టే బీమ్‌కి టీఎస్ఎస్‌పీ4038 రిసీవర్ సరైనది. లేదంటే గ్యాప్ ఇస్తూ చిన్న బర్స్టులుగా పంపండి.

తర్వాత ఎల్ఈడీ ముందు, ఫోకల్ దూరంలో ఒక భూతద్దం. నా లెక్కలో పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే, కాకపోతే గురి కుదరడానికి ఓపిక కావాలి. రిసీవర్‌ని నల్ల గొట్టంలో దూర్చండి.